బోణీ పూట ఇచ్చిన మాట

మొన్న పొద్దున తల నెరిసిన ఒకావిడ మా దుకాణం మెట్లెక్కింది. ఏమీ అడగలేదు. కప్పుల వరస ముందు నిలబడి, "టీచరమ్మ పోయింది. మీకు ఎర్కనో లేదో అని చెప్పిపోదామని వచ్చిన" అంది. ఒకప్పుడు నాంపల్లి బడిలో టీచరమ్మ దగ్గర చదువుకున్న పిల్లట. ఆవిడ వెళ్ళాక వచ్చిన గిరాకీకి ఆరు సాసర్లు అతను అడిగిన ధరకే ఇచ్చేశాను. నా కొడుకు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. నేను బేరం చెయ్యకుండా సరుకివ్వడమంటే మా ఇంట్లో జ్వరం కింద జమ.

టీచరమ్మ శాసనసభలో ఏం మాట్లాడిందో, ఏ బడికి గదులు కట్టించిందో చెప్పేవాళ్ళు వేరే ఉంటారు. నేను గల్లా ఇవతల కూర్చుని చూసినవాణ్ణి. మొదట ఆవిణ్ణి గిరాకీగానే ఎరుగుదును. ఆ గిరాకీ అంటే మా బజారు మొత్తానికి దడ.

ఎందుకంటే ఆవిడ బేరమాడదు.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో మాది పింగాణీ సామాన్ల దుకాణం. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. మేం ఎక్కువ చెప్తాం, గిరాకీ తక్కువ అడుగుతుంది. నువ్వు నన్ను ముంచుతున్నావంటే నువ్వే నన్ను ముంచుతున్నావని ఇద్దరం దేవుణ్ణి సాక్ష్యం పిలుస్తాం. గిరాకీ అలిగి మెట్లు దిగుతుంది. మేం వెనక్కి పిలుస్తాం. ఇంత జరిగితే గాని కొన్నవాడికి కొన్నట్టుండదు, అమ్మినవాడికి అన్నం సయించదు. టీచరమ్మకు ఈ భాగవతమంతా అక్కర్లేదు. కప్పు చేతిలోకి తీసుకుని, అంచు చుట్టూ వేలు ఒకసారి తిప్పి, "ఒక్క మాట చెప్పు" అనేది. చెప్పిన ధర నచ్చితే కొనేది. నచ్చకపోతే కప్పు తీసిన చోటే, మిగతా కప్పుల పిడులు ఎటుంటే దీని పిడీ అటే తిప్పి పెట్టి, "మంచిది, వస్త" అని గొడుగు తీసుకుని దిగిపోయేది.

మొదటిసారి నేను మెట్ల మీదికి పరుగెత్తి, "టీచరమ్మా, తగ్గిస్త, రండ్రి!" అని కేకేశాను.

ఆవిడ నడిరోడ్డు మీద వెనక్కి తిరిగింది. "తగ్గేదుంటే ముందుగాల ఎందుకు చెప్పలే? నా మొకం చూసి పెంచినవా?"

స్టేషను దారిలో గిరాకీ కోసం కూర్చున్న రిక్షావాళ్ళు కూడా నవ్వారు. ఆ తర్వాత ఆవిడ గొడుగు మలుపులో కనబడితే చాలు, మా నాయన "ఒక్క మాట వస్తున్నది, పైలం" అనేవాడు. ఆవిడకు మాత్రం అసలు ధరే చెప్పేవాళ్ళం. చెప్పాక ఏదో పోగొట్టుకున్నట్టు నాయనా నేనూ కాసేపు ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

చల్లని తల్లి అనుకునేరు. కాదు. నోరు పెద్దది. ఎవరైనా చెప్పిన వేళకు రాకపోతే గొడుగు కొనతో నేల మీద పొడుస్తూ నిలబడేది. బడిపిల్లలందరి పేర్లూ, ఎవరు ఏ ఎక్కంలో తప్పుతారో కూడా ఆవిడకు గుర్తే గాని, మీసాలొచ్చిన ఏ మగాడి పేరూ ఆ తలలో నిలిచేది కాదు. నన్ను "కప్పులోడా" అనేది. మొజంజాహీ మార్కెట్లో అంగూరు, అంటే ద్రాక్షపండ్లు, అమ్మే రాజయ్యను "అంగూరాయనా" అనేది. రైల్వేలో గుమాస్తాగా ఉన్న సొంత భర్త "స్టేషనాయన". ఆయన పలికేవాడు కూడా.

మీటింగుల్లో నిద్రపోయేది. గొడుగు పిడి మీద రెండు చేతులూ పెట్టి, నిటారుగా కూర్చుని, కళ్ళు మూసుకునేది. ఉపన్యాసం పొడుగైన కొద్దీ సన్నని గురక. కాని వేదిక మీద ఎవరైనా "తగిన చర్యలు తీసుకోబడతాయి" అన్నారో, ఆ కళ్ళు టక్కున తెరుచుకునేవి. "ఎవరు తీస్కుంటరు?" అని అడిగి, పేరు చెప్పేదాకా మళ్ళీ మూసేది కాదు.

నిజాం రాజ్యం పోయి మూడేళ్ళయింది. అందరికీ ఓటన్నారు, మన అసెంబ్లీకి మనమే మనుషుల్ని పంపాలన్నారు. బజారులో ఎవరి నోట విన్నా అదే మాట. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం టీచరమ్మ మా దుకాణానికి వచ్చి, కప్పుల వైపు చూడకుండా స్టూలు లాక్కుని కూర్చుంది.

"కప్పులోడా, నేను అసెంబ్లీకి నిలబడుత. పార్టీ టికెట్టు కావాలె."

నేనూ ఆ పార్టీలో సభ్యుణ్ణే. బజారులో చాలామందిమి సభ్యులమే. అయినా ఏదో కప్పు పగిలిన చప్పుడు విన్నట్టు చూశాను.

"గట్ల చూస్తవేంది? బడిల నాలుగు తరగతుల ఆడపిల్లలు వరండల కూసుంటున్నరు. వానొస్తే ఇంటికి పంపుడే. గదుల కోసం అర్జీలు పట్కొని తలుపుల బయట నిలబడుడు నాతోని అయితలేదు. ఇగ లోపల కూసుంటె ఎట్లుంటదో చూస్త. కాని నాకు అడుగుడు రాదు. నీకు తిండే గది. జర నా ఎంబడి రా."

ఇంత పెద్ద మెప్పు అంతకుముందు నాకెవరూ ఇవ్వలేదు. వెంటనే ఒప్పుకున్నాను. ధర కూడా అడగలేదు.

అవతల టికెట్టు అడుగుతున్నది చిన్న మనిషి కాదు. మా వరసలో సగం మల్గీలు, మార్కెట్టు వైపు కొన్ని, ఆయనవే. మల్గీ అంటే మా ఊళ్ళో రోడ్డు వైపు తెరుచుకునే దుకాణపు గది. మా దుకాణం ఉన్నదీ ఆయన మల్గీలోనే. చెడ్డవాడని అంటే కళ్ళు పోతాయి. పెళ్ళిళ్ళకు వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు, చావులకు వచ్చి వెనక వరసలో నిలబడేవాడు. మేం ఆయన్ని సేటు అనేవాళ్ళం. ప్రభుత్వం మారిన వారంలోనే ఆయన నెత్తి మీద టోపీ కూడా మారింది గాని, టోపీ మార్చనివాడు ఆ రోజుల్లో ఎవడు? టికెట్టు కోసం ఆయన ఎవర్నీ బెదిరించలేదు. ఒక సాయంత్రం మా వరసంతా నడుచుకుంటూ వచ్చి, ప్రతి దుకాణం ముందూ ఆగి, నవ్వి, "మీరంత మనోళ్ళే గదా" అన్నాడు. కిరాయికున్నవాడు వణకడానికి అంతకంటే ఏం కావాలి?

పై కమిటీ ఎటూ తేల్చలేకపోయింది. ఆయన్ని కాదంటే బజారు పోతుందని భయం, ఆవిణ్ణి కాదంటే బస్తీల ఆడవాళ్ళు పోతారని భయం. చివరికి ఈ సీటు కింద ఉన్న సభ్యులనందర్నీ ఒక చోట పిలిచి చేతులెత్తించమని, ఎవరికి ఎక్కువ లేస్తే టికెట్టు వాళ్ళదేనని చెప్పేసింది. సభ్యులమంతా కలిపి నలభై మంది దాకా ఉంటాం. ముప్పాతిక మంది దుకాణదారులు.

అప్పుడు నాకు తట్టింది ఆ ఎత్తుగడ. ఇప్పటికీ అది మంచి ఎత్తుగడేనంటాను.

దుకాణదారుడికి బోణీ అంటే ఏమిటో అమ్మేవాడికే తెలుస్తుంది. పొద్దున తలుపులు తీసి, ముంగిట నీళ్ళు చల్లి, ఊదుబత్తి ముట్టించాక మెట్టెక్కిన మొదటి మనిషిని వట్టి చేతులతో పంపకూడదు. పంపితే ఆ రోజంతా గల్లా ఎండుతుంది. నష్టానికైనా ఇచ్చి పంపాలి. ఆ ఒక్క వేళ "లేదు" అనే మాట మా నోట్లోంచి రాదు. మరి ఆ వేళకు టీచరమ్మ మెట్టెక్కి, చేయి ఎత్తమని అడిగితే?

పాలవాడు చీకటితో తెరుస్తాడు. పండ్లవాళ్ళు ఎండ పొడవగానే, కిరాణం వాళ్ళు ఆ తర్వాత, బట్టల వాళ్ళు అందరి తర్వాత ఆవులిస్తూ. ఈ వరస నాకు నిద్రలో కూడా తెలుసు. ఆ వరసనే పట్టుకుని రోజూ పొద్దున ఆవిణ్ణి తిప్పాను. ఊదుబత్తి వాసన రాగానే, "ఇప్పుడు ఎక్కండ్రి" అనేవాణ్ణి.

"ఇంత పొద్దుగాల లేస్తవా కప్పులోడా! బడిల గంట కొట్టుడుకు నిన్నే పెట్టాలె" అనేది పాపం.

బట్టల దుకాణాయన ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. "రండ్రి టీచరమ్మా, ఏం సూపియ్యాలె?"

"బట్ట వద్దు. ఆదివారం నీ చేయి కావాలె."

ఆయన ఊదుబత్తి వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. "ఔ... మీకు కాక ఎవరికి ఎత్తుత టీచరమ్మా" అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

"మంచిది, వస్త."

ఇలా ఒకరి తర్వాత ఒకరు, చివరికి మా నాయన కూడా. వారం తిరిగేసరికి నా లెక్కలో గెలుపు మా గల్లాలో ఉన్నట్టే. ఆవిడ ముఖం చూస్తే నాకే ముచ్చటేసేది. వరండాలో పిల్లలకు "జర ఓపిక పట్టండ్రి, గదులొస్తయి" అని చెప్పిందట. మాట ఇవ్వడంలో అంత పొదుపుగా ఉండే మనిషి.

ఎత్తుగడను పాడుచేసింది శత్రువులు కాదు, నన్ను మెచ్చుకున్నవాడు. ఒక మధ్యాహ్నం, నేను పక్కనుండగానే, మార్కెట్లో రాజయ్య దగ్గర ఆవిడ అంగూరు కొంటూ, "నీ మేలు మరువ, అంగూరాయనా. మల్గీలాయన కిరాయికి ఉండుకుంట గూడ నాకు మాటిచ్చినవ్" అంది.

రాజయ్య గలగలా నవ్వాడు. "బోణీ పూట వచ్చి అడిగితె లేదంటనా టీచరమ్మా? లేదంటే నా పండ్లు కుళ్ళిపోవా? ఈ కప్పులాయన తెలివి మామూలు తెలివా!"

నోటి దాకా వచ్చిన అంగూరు పండు ఆవిడ చేతిలోనే ఆగిపోయింది. నా వైపు తిరిగింది.

"అందరి దగ్గరికి బోణీకే తీస్కపోయినవా?"

"ఔ." నాకింకా గర్వంగానే ఉంది.

"మల్గీలాయన కిరాయోళ్ళ దగ్గరికి గూడ?"

"ముందుగాల వాళ్ళ దగ్గరికే."

ఆవిడ ఆ పండు తిరిగి గుత్తి పక్కన పెట్టింది. "ఆయన కిరాయి చూపించి భయపెడ్తడు. నువ్వు బోణీ చూపించి భయపెడ్తవ్. మీ ఇద్దర్ల ఫరక్ ఏంది, కప్పులోడా?"

"ఫరక్ ఏందంటే, మనం గెలుస్తం" అన్నాను.

ఆవిడ అప్పటికే మార్కెట్టు మెట్లు దిగుతోంది.

దుకాణాల్లో గిరాకీ లేక ఈగలు తోలుకునే వేళ అది. ఆ వేళే చూసుకుని ఆవిడ ఒక్కొక్క మెట్టూ మళ్ళీ ఎక్కింది. ఈసారి నేను వెనక నడుస్తూ బతిమాలుతున్నాను, ఆవిడ వినడం లేదు.

"పొద్దుగాల నువ్వు ఇచ్చింది బోణీ మాట. నాకొద్దు. వాపస్ తీస్కో. ఆదివారం నీకు నచ్చినోళ్ళకు ఎత్తు" అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా పక్క దుకాణానికి పోయేది.

కిరాణం ఆయన ఊపిరి పీల్చుకుని చాయ్ తెప్పించాడు. బట్టల దుకాణాయనకు రోషం వచ్చింది. "మాట వాపస్ ఇస్తరా? గిదేమన్న చినిగిన చీరనా?" అని నన్ను తిట్టాడు. పాలవాడికి అసలు అర్థమే కాలేదు. ఇంతకూ ఎత్తాలా వద్దా అని నన్ను రెండుసార్లు అడిగాడు. నేనేం చెప్పను? వారం రోజులు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన గోడను, కట్టించుకున్న మనిషే కూర్చుని ఊడదీస్తోంది.

చివరికి మా దుకాణం. "కప్పులోడి నాయినా, నీ మాట గూడ నువ్వు తీస్కో."

మా నాయన శాలువ సవరించుకున్నాడు. "అమ్మా, అమ్ముడువోయిన సరుకు వాపస్ తీస్కొనుడు మా దుకాణంల లేదు."

"ఇది సరుకు గాదు."

ఆవిడ వెళ్ళాక నాయన నా వైపు చూడకుండానే చెప్పాడు: "వాపస్ ఇచ్చింది గద, మంచిదాయె. నేను సేటుకే ఎత్తుత. ఈ మల్గీ పోతే కప్పులన్ని నెత్తిన పెట్టుకొని గల్లీ గల్లీ అమ్ముతవా?"

నాకు కోపం రాలేదు. ఆయన చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. అందుకే ఆశ కూడా అక్కడితో వదులుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం నాంపల్లిలో ఒక ధర్మశాల హాల్లో అందరం కూర్చున్నాం. పై కమిటీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. కుర్చీ, బల్ల, సిరాబుడ్డి. సేటు ముందు వరసలో. టీచరమ్మ ఆ వరసలోనే ఇంకో చివర, గొడుగు మీద చేతులు పెట్టుకుని. ఈసారి నిద్రపోవడం లేదు.

పెద్దమనిషి ముందు సేటు పేరు చదివాడు. చేతులు లేచాయి. కిరాణం ఆయన ఎత్తాడు. బట్టల దుకాణాయనా ఎత్తాడు, కాని దొంగచాటుగా కాదు, టీచరమ్మ వైపు చూసి తల ఊపి మరీ ఎత్తాడు. ఆవిడా తల ఊపింది. సేటు తన చేయి తాను ఎత్తుకున్నాడు. నేను మా నాయన వైపు చూశాను. ఆయన రెండు చేతులూ శాలువ కిందే ఉన్నాయి.

తర్వాత టీచరమ్మ పేరు. నేను ఎత్తాను. వెనక గుమాస్తాలు, ఇద్దరు బడిపంతుళ్ళు ఎత్తారు. పాలవాడు ఎత్తాడు. రాజయ్య, సేటుకు సరిగ్గా వెనక కుర్చీలో ఉన్నవాడు, ముందు సేటు వీపు చూశాడు, తర్వాత ఎత్తాడు. అతన్ని చూసి సేటు మల్గీల్లోనివాళ్ళే ఇంకో నలుగురైదుగురు. నా పక్కన శాలువ కదిలింది. మా నాయన గట్టిగా కళ్ళు మూసుకుని, చల్లనీళ్ళు నెత్తిన పోసుకునేవాడిలా, చేయి పైకి పెట్టాడు.

"నాయినా!" అన్నాను.

"సప్పుడు చెయ్యకు. మళ్ల దించుతనేమో" అన్నాడు కళ్ళు తెరవకుండా.

పెద్దమనిషి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "రెండు పక్కలా సమానం వచ్చినై" అన్నాడు. తర్వాత హాలంతా చూసి, "చేయి ఎత్తనివారు ఒక్కరే ఉన్నారు. అమ్మా, మీరే. మీరూ సభ్యులే గదా?"

హాలంతా కలకలం రేగింది. అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. టీచరమ్మ చేతులు గొడుగు మీద నుంచి కదల్లేదు.

"ఎత్తండ్రి టీచరమ్మా!" వెనక నుంచి పాలవాడు.

"ఆయన ఆయనకు ఎత్తుకోలేదా? ఎత్తండ్రి!" నేను కుర్చీలోంచి సగం లేచాను. ఒక్క చేయి. వారమంతా నేను దుకాణం దుకాణం తిరిగి అడుక్కున్నది ఆ ఒక్క చేయి కోసమే అన్నట్టుంది.

ఆవిడ లేచి నిలబడింది. చేయి ఎత్తలేదు. సేటు వైపు తిరిగింది.

"మల్గీలాయనా, ఒకటి అడుగుత. ఇప్పుడు నాకు చేతులెత్తినోళ్ళల్ల నీ కిరాయోళ్ళు ఉన్నరు. రేపు వాళ్ళను ఖాళీ చెయ్యమంటవా?"

సేటు నవ్వాడు. "గదేం మాట టీచరమ్మా? నేను గెలిస్తే ఎవర్ని కదిలిస్త? మనోళ్ళే గదా."

"గెలిస్తే సంగతి అడగలే. ఓడిపోతే."

నవ్వు ఆగింది. సేటు వెనక్కి తిరిగి చూశాడు. రాజయ్య తల దించుకోలేదు. మా నాయన కళ్ళు తెరిచాడు. కిరాయి ఇచ్చే రోజున నేల చూసే మొహాలన్నీ ఆ పూట ఆయన మొహమే చూస్తున్నాయి. ఆయనకు ఎత్తినవాళ్ళు కూడా.

"చెప్పకపోతే నేను ఎత్త" అంది టీచరమ్మ. "సమానం సమానంగనే పై కమిటీకి పంపుకోండ్రి. నా బడికి గదుల కోసం ఇంకొకరి దుకాణం పోవద్దు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. చేతిలోకి వచ్చిన బేరాన్ని ఇలా నేల మీద పెట్టి నిలబడే మనిషిని అంతకుముందు చూడలేదు.

సేటు టోపీ తీసి తొడ మీద పెట్టుకున్నాడు. "బజారోళ్ళందరి ముందట అడిగినవ్" అన్నాడు చివరికి. "ఓడినా ఎవర్ని కదిలియ్య. కిరాయి టైముకిస్తే చాలు. నా మాట."

ఆ మాట ఆయన బతికినన్నాళ్ళూ నిలబెట్టుకున్నాడని ఇక్కడే చెప్పాలి. లేకపోతే ఆయనకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

"అందరు విన్నరా?" అంది టీచరమ్మ.

"ఇన్నం!" ఎవరెవరి గొంతులో వేరుచేయలేనంత గట్టిగా వినబడింది.

నేను ఆవిడ వెనక కుర్చీలోంచి లేచి, ముందుకు వంగి ఆవిడ చెవిలో, "కిరాయి గూడ జర తగ్గించమనండ్రి, ఊపు మీదున్నడు" అన్నాను. ఊరుకోలేకపోయాను.

"కూసో, కప్పులోడా."

అప్పుడు గొడుగు ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేయి ఎత్తింది. మా అందరిలా భుజం దాకా, సగం సగం కాదు. మోచేయి చెవికి ఆనేటట్టు, వేళ్ళు పైకప్పు వైపు చూసేటట్టు, బడిలో పిల్లలకు ఎలా ఎత్తాలని చెప్తుందో అలా. సేటు ఆ చేయి వైపు చూసి, టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

పెద్దమనిషి కలం సిరాలో ముంచాడు. పాళీ గీరుకుంటే దులిపాడు. మళ్ళీ ముంచాడు. ఇంతసేపూ ఆ చేయి అలాగే ఉంది. జబ్బ వణుకుతోంది.

"లెక్కలోకి తీసుకున్నానమ్మా. ఇంక దించండి" అన్నాడాయన.

"రాసినంక దించుత" అంది టీచరమ్మ.